ధృతి ఎవరిది?

తొడకు తగిలిన తూటా మెదడును గాయపరచగలదా? 1980ల్లో స్వీడన్ పరిశోధకులు పందులకు మత్తిచ్చి, తొడలోకి తూటా పేల్చి, పుర్రె లోపల అమర్చిన సాధనంతో ఒత్తిడి కొలిచి చూశారు. తూటా దిగిన చోటికి మెదడు సుమారు అర మీటరు దూరం. పుర్రె మీద గీత కూడా పడలేదు. ఒత్తిడి మాత్రం వచ్చింది. తర్వాత మైక్రోస్కోపులో చూస్తే హైపోథలామస్‌లోనూ హిప్పోక్యాంపస్‌లోనూ నాడీకణాల్లో మార్పులు కనిపించాయి.

ఇందులో మాయ ఏమీ లేదు. రైఫిల్ తూటా సెకనుకు 900 మీటర్ల వేగంతో వస్తే, నీళ్లతో నిండిన మన కండలో ఒత్తిడి తరంగం 1500 మీటర్ల వేగంతో పోతుంది. అంటే తూటా కంటే ముందే దాని కబురు వెళ్లిపోతుంది. ఏట్లో డిటొనేటర్లు పేల్చి చేపలు పట్టే దొంగవేట చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఒంటిమీద దెబ్బ కనపడని చేప వెల్లకిలా తేలుతుంది, కోస్తే లోపల గాలితిత్తి పగిలి ఉంటుంది.

నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పి రిటైరైనదాన్ని. మా రోజుల్లో మొదటి సంవత్సరం పిల్లలకు కప్ప కాలి కండను సయాటిక్ నరంతో సహా విడదీసి చూపించేవాళ్లం. నరానికి కరెంటు ఇస్తే కండ ఎగిరి, మసి పట్టించిన డ్రమ్ము మీద తెల్లటి గీత గీసేది. కరెంటు లేకుండా ఫోర్‌సెప్స్‌తో నరాన్ని చిన్నగా నొక్కినా అదే ఎగురు, అదే గీత. కప్ప అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. భయం లేదు, ఇష్టం లేదు, నరాన్ని నొక్కారంతే. (ఆ కప్పల పాపం సంగతి వేరే రాయాలి. ఆ పందులదీ.)

తూటా విషయం ఇంకా తేలలేదు. గాయాల మీద జీవితమంతా పనిచేసిన అమెరికన్ సైనిక సర్జన్ మార్టిన్ ఫాక్లర్ ఈ తరంగాల కథను గట్టిగా కొట్టిపారేశాడు. కిడ్నీలో రాళ్లు పగలగొట్టే లిథోట్రిప్సీ తరంగాలు చుట్టూ ఉన్న కండను చెడగొట్టడం లేదు కదా అన్నాడు. మంచి వాదనే. అయితే కిడ్నీ పక్కన కండ వేరు, నాడీకణం వేరు. నా మొగ్గు స్వీడన్ వాళ్ల వైపే.

ఫిరంగిగుండు దగ్గరికొస్తే సందేహం తగ్గుతుంది. 1915లో ఛార్లెస్ మయర్స్ అనే డాక్టర్ లాన్సెట్ పత్రికలో ‘షెల్ షాక్’ గురించి రాశాడు. పక్కన గుండు పేలింది, ఒంటిమీద గాయం లేదు, కానీ మనిషికి చూపు తగ్గింది, జ్ఞాపకం పోయింది. బ్రిటిష్ సైన్యం ఇలాంటివాళ్లను రెండు అక్షరాలుగా విడగొట్టింది. గుండు పక్కనే పేలిందని తేలితే ‘డబ్ల్యూ’, అంటే గాయపడ్డవాడు. లేకపోతే ‘ఎస్’, ఉత్త జబ్బు మనిషి. మొదటివాడికి గౌరవం, చొక్కా చేతి మీద గాయం పట్టీ. రెండోవాడికి అనుమానం. వణుకు ఇద్దరిదీ ఒకటే. చాలా కేసుల్లో కారణం పేలుడు కాదు, భయమూ దుఃఖమూ అని చివరికి మయర్సే అనుకున్నాడు. 2016లో డేనియల్ పెర్ల్ బృందం పేలుళ్ల మధ్య పనిచేసిన సైనికుల మెదళ్లను వాళ్లు చనిపోయాక పరీక్షించి, తెల్ల, బూడిద పదార్థాలు కలిసే చోట మచ్చలు కనుక్కుంది. వందేళ్లు ఆలస్యం.

ఆ వందేళ్ల అవతల హ్యారీ ఫార్ అనే బ్రిటిష్ సైనికుడు ఉన్నాడు. 1915లో షెల్ షాక్‌తో నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. చెయ్యి వణికి కలం పట్టలేకపోతే భార్యకు ఉత్తరాలు నర్సు రాసిపెట్టేది. తిరిగి యుద్ధానికి పంపారు. ముందుకు పోలేనన్నాడు. 1916 అక్టోబరులో పిరికితనం నేరం కింద కాల్చి చంపారు. పాతికేళ్లవాడు.

మా కాలనీ రామాలయంలో ఆదివారం గీత చదువుకుంటాం. రెండో అధ్యాయంలో ఆత్మను శస్త్రాలు తెగనరకలేవు అనగానే అందరికీ ధీమా వస్తుంది. ఆ ధీమాలో మనం ధైర్యాన్ని కూడా ఆత్మ ఖాతాలో వేసేసుకుంటాం. పదమూడో అధ్యాయం దాకా ఓపిక పడితే వేరే లెక్క కనపడుతుంది. అక్కడ కృష్ణుడు క్షేత్రంలో, అంటే తెలియబడే పొలంలో, ఏమేమి ఉన్నాయో జాబితా ఇస్తాడు. పంచభూతాలు, ఇంద్రియాలు, బుద్ధి, కోరిక, ద్వేషం, సుఖం, దుఃఖం. చివర్లో ధృతి. నిలబడే శక్తి కూడా పొలంలోదే, పొలాన్ని ఎరిగినవాడిది కాదు. పొలంలోదైతే ఒత్తిడి తరంగానికి అందుతుంది.

ఇదే మొన్న క్లాసులో అన్నాను. మా సుబేదారు గారు ఒప్పుకోలేదు. మిలటరీ మాధవరం వైపు ఆయన. “అమ్మా, మొదటి అధ్యాయంలో అర్జునుడికి నోరెండింది, ఒళ్లు వణికింది, గాండీవం జారింది. కృష్ణుడు ఆస్పత్రికి పంపలేదే, తిట్టాడు కదా?” అన్నారు.

తిట్టాడు. కానీ తిట్టి ఊరుకోలేదు, పద్దెనిమిదో అధ్యాయం దాకా కూర్చోబెట్టి చెప్పాడు. ఫార్ విచారణకు పట్టింది ఇరవై నిమిషాలు. పైకి చూస్తే అర్జునుడి వణుకు, ఫార్ వణుకు ఒక్కలాగే ఉంటాయి. ఏది మాటకు లొంగుతుందో మాట్లాడి చూస్తే గానీ తెలియదు. అప్పుడు కూడా అన్నిసార్లూ తెలియదు.

2006లో బ్రిటన్ పార్లమెంటు ఫార్‌తో సహా మూడొందల ఆరుగురికి క్షమాభిక్ష పెట్టింది. అదే చట్టంలో, ఈ క్షమాభిక్ష వల్ల శిక్ష గానీ తీర్పు గానీ మారవని కూడా రాసుకుంది. తప్పు పొలానిదో రైతుదో తేల్చలేక రెండూ రాసుకున్నట్టుంది.

“సరే, పిరికితనం మనిషిది కాదంటే వీరత్వమూ కాదు. పరమవీర చక్రలు వెనక్కి తీసుకోమంటారా?” అన్నారు సుబేదారు గారు.

వెనక్కి అక్కర్లేదు గానీ, ఛాతీ మీద పెట్టేటప్పుడు అది ఎవరికి పెడుతున్నామో ఆలోచించమన్నాను. ఆయనకు కోపం వచ్చింది. వచ్చే ఆదివారం పదమూడో అధ్యాయం మీద తానే మాట్లాడతానని అర్చకుల వారితో చెప్పి వెళ్లారు.