జూరాల కట్ట మీద చేపల భోజనం

గద్వాల వైపు వెళ్తే జూరాల డ్యాం దగ్గర కాసేపు ఆగండి. అక్కడి దుకాణాల్లో పెద్ద హంగులుండవు. పొయ్యి మీద నూనె కాగుతుంటుంది. ఉప్పూ కారం పట్టించిన చేప ముక్కలు అందులో పడి చర్రుమంటాయి. రవ్వ, బొచ్చె, దొరికితే కొర్రమీను. ఆ చేప ఎక్కడిదని అడగనక్కర్లేదు. ఎదురుగానే కృష్ణమ్మ.

సముద్రం ఎరగని నేల మనది. కరువుకూ వలసకూ పేరుపడ్డ పాలమూరు. అలాంటి చోటికి చేపలు తినడానికి హైదరాబాదు నుంచి కూడా జనం వస్తున్నారంటే నాకెంతో గర్వం.

నీటి ఒడ్డునే చేపలు తినడం ఇక్కడే కాదు, ఎక్కడో డెన్మార్కు దీవుల్లోనూ ఉంది. రేవులో, పడవల పక్కనే కూర్చుని చేపలు తింటారు. నీటి పక్కన తినడం, పట్టినవాళ్లకు దగ్గరగా తినడం. ఆ రుచి వేరు.

మనం నిద్ర లేవకముందే పుట్టి ఎక్కి, చలిలో వల లాగినవాళ్లున్నారు. మన పళ్లెంలో ఉన్నది వాళ్ల తెల్లవారుజాము. అందుకే బేరం దగ్గర కాస్త మెత్తగా ఉందాం. పట్టినవాళ్లకు దగ్గరగా తింటున్నాం కదా, పలకరిద్దాం. "అన్నా, ఈరోజు వలలో ఏం పడింది?" అని అడగండి. నది సంగతులన్నీ చెబుతారు.