పణంగా పెట్టింది ఎవరిది? ఫారిన్ చదువు, అప్పు, ధర్మరాజు



యక్షప్రశ్నల వీడియో చూశాక మీలో చాలామంది ఒకటే అడిగారు. సుఖపడేవాడు ఎవడని యక్షుడు అడిగితే, అప్పు లేకుండా, పరాయి ఊరు పోకుండా, పొద్దుపోయాకైనా తన ఇంట్లో ఇంత కూర వండుకు తినేవాడని ధర్మరాజు చెప్పాడు కదా. మరి మేం బందరు నుంచో గుడివాడ నుంచో ఎంఎస్‌కి వెళ్తున్నాం, అప్పూ ఉంది, పరదేశమూ ఉంది, మాకు సుఖం లేనట్టేనా అండీ అని.

చూడండి, ఆ జవాబు చెప్పేటప్పుడు ఆయన ఎక్కడున్నాడు? పన్నెండేళ్ల అరణ్యవాసం చివర్లో, అడవిలో. వెళ్లొద్దని ఆయన ఎక్కడా అనలేదు. ఆ రెండింటి బరువూ మోసినవాడు కాబట్టి చెప్పాడు. అసలు అడవికి ఎందుకొచ్చాడు? జూదంలో సంపద పెట్టాడు, రాజ్యం పెట్టాడు, తమ్ముళ్లని పెట్టాడు, తనని తాను ఒడ్డుకున్నాడు, ఆఖరికి ద్రౌపదిని పెట్టాడు. అప్పుడు ఆ తల్లి సభకి ఒక ప్రశ్న పంపింది. ముందు ఎవరిని ఓడాడు, తననా, నన్నా అని. నన్ను పణం పెట్టే హక్కు ఎక్కడిది అని దానర్థం. భీష్ముడంతటివాడు కూడా తేల్చి చెప్పలేకపోయాడు.

చదువు జూదం కాదు, ఒప్పుకుంటాను. కానీ పణం ఉంది. అప్పు చెయ్యడమే పాపం అని కూడా నేను అనను. 1923లో పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టిన ఊరు మన బందరు! అయితే పెద్ద ఎడ్యుకేషన్ లోన్‌కి తనఖా అడిగితే పెట్టేది నాన్న పొలం. పక్కన సంతకం పెట్టేదీ నాన్నే. మీరు కట్టకపోతే బ్యాంకు వచ్చేది ఆయన గుమ్మంలోకి. దివిసీమలో రెండెకరాలంటే, 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత మీ తాతగారు మళ్లీ సాగులోకి తెచ్చుకున్న నేల కావచ్చు. అమ్మ గాజులైతే ఎవరూ అడగరు, ఆవిడే తీసి ఇచ్చేస్తుంది. అందుకే ముందు మీరే అడగాలి.

అడగడమంటే లెక్క చూపించి అడగడం. కాగితం మీద రాయండి. 40 లక్షలు 11 శాతం వడ్డీకి మొదటి రోజే మొత్తం తీసుకున్నారనుకుందాం. ఏడాదికి వడ్డీ 4 లక్షల 40 వేలు. రెండేళ్ల చదువు, ఆపైన ఏడాది గడువు. కిస్తీ మొదలయ్యేసరికి బారువడ్డీయే 13 లక్షల 20 వేలు. కిస్తీ లేదంటే వడ్డీ లేదని కాదు నాయనా! ఫీజు 20 వేల డాలర్లైతే, డాలరు ఒక్క రూపాయి పెరిగినా 20 వేల రూపాయలు అదనం. అద్దె, ఇన్సూరెన్స్, విమానం టిక్కెట్టు, ఉద్యోగం వెతుక్కునే నెలల తిండి, ఇవీ రాయండి. పార్ట్‌టైమ్ సంపాదన మాత్రం ఆ లెక్కలో వెయ్యకండి. అమెరికాలో తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే అనుమతి, అదీ దొరికితే. జర్మనీ వాళ్లు ఏడాది ఖర్చుకి 11,904 యూరోలు ముందే ఖాతాలో వేసి చూపించమంటున్నారు. కఠినంగా ఉంటుంది గానీ, నాకైతే ఆ పద్ధతే నచ్చింది. లెక్క ముందే తేలిపోతుంది.

ఇంకో మాట. ఫండ్స్ చూపించడానికి ఎవరిదో డబ్బు నెల రోజులు ఖాతాలో వేయించుకుని వడ్డీ కట్టేవాళ్లున్నారు. "కాగితం నిజమే కదా" అంటారు. ద్రోణుడికి ధర్మరాజు చెప్పిన మాట కూడా అక్షరాలా నిజమే, ఏనుగు చచ్చింది. అయినా నేలకి నాలుగు అంగుళాల ఎత్తులో నడిచే ఆయన రథం ఆ రోజు కిందికి దిగిపోయింది. వీసా వస్తుంది, రెండో సెమిస్టర్ ఫీజు కట్టే రోజూ వస్తుంది, ఆ డబ్బు ఉండదు. అక్కడి నుంచి అనుమతి లేని పని, దొరికితే తిరుగు విమానం. పొలం మాత్రం తనఖాలోనే.

చిలుకూరు బాలాజీకి వీసా ముందు 11 ప్రదక్షిణలు, వచ్చాక 108 అందరికీ తెలుసు. చేయండి, మంచిదే. వెళ్లే ముందు రాత్రి ఆ కాగితం అమ్మకి చదివి వినిపించండి. అంకెలు ఆవిడకెందుకులే అనుకోకండి. ఎంతైతే ఆపేద్దాం అన్నది కూడా ఆ రాత్రే ఇద్దరూ కూర్చుని అనుకోండి, నాన్నగారి ముందు.

వచ్చే వారం ద్రోణపర్వం.