అక్కర్లేదన్నవాటి పేర్లూ చదువు

చిన్నా, తెనాలిలో అచ్చయిన పాత నాటకాల పుస్తకం స్కాన్ చేసి ఉబుంటులో టెస్సరాక్ట్‌తో చదివిస్తుంటే ఇంగ్లీషు వస్తోంది గానీ తెలుగు రావడం లేదని, సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని మీ అమ్మతో అన్నావట. చెడిపోలేదు నాయనా. అక్కడ టెస్సరాక్ట్‌తో పాటు తప్పనిసరిగా వచ్చేది ఇంగ్లీషు డేటా, లిపినీ పేజీ తిరిగిన దిక్కునూ గుర్తించే డేటా, అంతే. తెలుగుది ‘టెస్సరాక్ట్-ఓసీఆర్-టెల్’ అని వేరే ప్యాకేజీ. మన భాష మనం అడిగితేనే వస్తుంది మరి! ‘టెస్సరాక్ట్ --లిస్ట్-లాంగ్స్’ కొట్టి చూడు, ‘టెల్’ ఉందో లేదో తెలుస్తుంది.

ఉబుంటు పుట్టిన డెబియన్ వంశంలో ఒక ప్యాకేజీ అడిగే తోడు ప్యాకేజీల్లో ‘డిపెండ్స్’ లేకపోతే ప్రోగ్రాం నడవదు. ‘రికమెండ్స్’ మామూలుగా అందరికీ కావలసినవి. 2009 నాటి డెబియన్ లెనీ విడుదల నుంచి అడక్కుండానే దిగుతున్నాయి. ‘సజెస్ట్స్’ దగ్గర మాత్రం ప్యాకేజీలు దించే ఆప్ట్ పేర్లు చెప్పి ఊరుకుంటుంది, అవీ నీ దగ్గర లేనివే. ఆ వరస ‘వై’ కొట్టమనే ప్రశ్నకు పైనే ఉంటుంది. నువ్వు దాన్ని చూడకుండా ఎంటర్ నొక్కేస్తావు.

నీ రూమ్మేట్ ఆర్చ్ లినక్స్ వాడతాడుగా, దాని ప్యాకేజీ మేనేజర్ పాక్‌మ్యాన్‌లో ‘-క్యూఐ’ కొట్టి చూపించమను. ఐచ్ఛికమైనవాటి పక్కన మామూలుగా అవెందుకో ఒక ముక్క ఉంటుంది, ఉన్నదానికి ‘ఇన్‌స్టాల్డ్’ అని గుర్తు ఉంటుంది. నన్నడిగితే ఈ విషయంలో దాన్ని మించింది లేదు. పైథాన్ ప్యాకేజీల ‘పిప్ షో’ అయితే ఎక్స్‌ట్రాలనే ఐచ్ఛికాల ఊసే ఎత్తదు.

అలాగని కనబడ్డవన్నీ దించుకోకు. రేపల్లెలో అమ్మమ్మ ఇంట్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉన్నప్పుడు ‘--నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్’ పెట్టుకో. ఏమేం వదిలేసిందో ఆప్ట్ ‘రికమెండెడ్ ప్యాకేజెస్’ కింద చెబుతుంది. ఆ నాలుగు పేర్లూ రాసిపెట్టుకుని, బాపట్ల హాస్టల్‌కి చేరాక కావలసినవి వేసుకో.

తీసేసేటప్పుడు ఇంకా జాగ్రత్త. పాక్‌మ్యాన్‌లో ‘-క్యూడీటీ’ ఎవరికీ అక్కర్లేనివే చూపిస్తుంది. ఇంకో ‘టీ’ చేర్చావో, వేరే ప్యాకేజీకి ఐచ్ఛికంగా పనికొస్తున్నవి కూడా ఆ జాబితాలోకి వస్తాయి. అనాథలు కదా అని నీ రూమ్మేట్ వాటిని ఊడ్చేస్తే ఏ ప్రోగ్రాంలో ఏ సౌకర్యం పోయిందో వెతుక్కోవాలి. ఆ శుభ్రం చేసే పనేదో సెమిస్టర్ పరీక్షలయ్యాక పెట్టుకోమని వాడికీ చెప్పు.