సంతోషంతో పెట్టిన ముద్ద

ఆదివారం గుడిలో మన ముఖాన్నీ, సోమవారం పొద్దున కుళాయి దగ్గర మన ముఖాన్నీ రెండింటినీ చూసేవాళ్లు మన ఇంట్లోనే ఉన్నారు. వాళ్లు మన పిల్లలు. ప్రసంగం వాళ్లకు గుర్తుండదు. గుడి నుంచి వచ్చాక అమ్మ అన్నం ఎలా వడ్డించిందో, వాకిట నిలబడిన మనిషిని నాన్న ఏ గొంతుతో పలకరించాడో గుర్తుంటుంది. నలభై ఏళ్ల వయసులో విశ్వాసాన్ని పట్టుకుని నిలిచే బిడ్డైనా, విడిచిపోయే బిడ్డైనా తూచి చూసేది ఆ గొంతునే. కాబట్టి ఈ పూట సిద్ధాంతాల జోలికి పోను. వడ్డన గురించి మాట్లాడతాను.

మనలో ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. జబ్బు చేసినవాళ్లను చూడబోతాం, కానుక సంచిలో చేయి పెడతాం, క్రిస్మస్ వస్తే చీరలు పంచుతాం. అయితే పెడుతూ పెడుతూ ముఖం చిట్లించుకుంటాం. పెట్టాక నలుగురికీ చెబుతాం. చెప్పాక, పుచ్చుకున్న మనిషి సరిగా వందనం చెయ్యలేదని నొచ్చుకుంటాం. చీరలు పుచ్చుకున్న ముసలమ్మలను వరుసలో నిలబెట్టి ఫొటో తీస్తాం. ఆ ఫొటోల్లో వాళ్ల కళ్లు ఎటు చూస్తుంటాయో ఎప్పుడైనా గమనించారా? చాలామందివి నేలనే చూస్తుంటాయి. ఆ చూపుకు దేవుని ఎదుట జవాబు చెప్పుకోవలసినవాళ్లం మనమే.

రోమా సంఘానికి రాసిన పత్రిక పన్నెండో అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు ఒక్కొక్కరి వరాన్ని పేరుపేరునా చెబుతూ వస్తాడు. బోధించేవాణ్ణి బోధించమన్నాడు, అంతే. పెత్తనం వహించేవాడికి జాగ్రత్త కావాలన్నాడు. కరుణ చూపేవాడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం సంతోషంతో చూపమన్నాడు. ఆ మాట అక్కడే ఎందుకు పెట్టాడు? నాకు తోచింది చెబుతాను. కరుణలో ఒక మెట్టు ఉంది. ఇచ్చేవాడు తనకు తెలియకుండానే పై మెట్టు మీద నిలబడతాడు. పుచ్చుకునేవాడు కింద నిలబడి తలెత్తి చూడాలి, లేదా తల దించుకోవాలి. పెట్టే మనిషి నిజంగా సంతోషించిననాడు ఆ మెట్టు దిగివచ్చి ఎదుటివాడి పక్కన కూర్చుంటాడు. సంతోషం లేని ఉపకారానికి దిగిరావడం చేతకాదు. అది కడుపు నింపుతుంది, మనిషిని మాత్రం కుంగదీస్తుంది.

కానా ఊరి పెళ్లి జ్ఞాపకం చేసుకోండి. ద్రాక్షారసం అయిపోయింది. పంక్తి లేవకముందే గుండిగ అడుగంటితే పెళ్లివారి ప్రాణం ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ సంగతి మొదట కనిపెట్టింది ఒక తల్లి. అక్కడ రెండేసి మూడేసి తూములు పట్టే రాతి బానలు ఆరు ఉన్నాయి. యేసు వాటిలో అంచుల దాకా నీళ్లు నింపించాడు, ముంచి విందు ప్రధానికి ఇమ్మన్నాడు. ఆ పెద్దమనిషి రుచి చూసి పెళ్లికొడుకును పిలిచి మెచ్చుకున్నాడు. రసం ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి తెలియదు. నీళ్లు తోడిన పనివాళ్లకు తెలుసు. యోహాను ఈ కార్యాన్నే మొదటి సూచకక్రియగా లెక్కపెట్టాడు. ఒక పల్లెటూరి ఇంటివారు బంధువుల మధ్య నవ్వులపాలు కాకుండా కాపాడడంతో ప్రభువు తన పని ప్రారంభించాడు. మెప్పంతా పెళ్లికొడుక్కి పోయింది. ఆయన దాన్ని సరిదిద్దలేదు. అదే మనమైతే, దాత పేరు మైకులో రెండుసార్లు చదివించుకునేవాళ్లం.

మా అమ్మమ్మకు చదువు రాదు. ప్రతి పూటా సోలతో బియ్యం కొలిచి, ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యి వెనక చిన్న కుండలో వేసేది. మన పల్లె సంఘాల్లో ఆ పిడికెడు బియ్యం వాడుక ఎరగనివారు తక్కువ. కొలవకముందు తీసేది కాదు, కొలిచాకే తీసేది. ముందు తీస్తే దేవుడికి మిగులు పెట్టినట్టు, తరువాత తీస్తే మన కంచంలోంచి పెట్టినట్టు అని ఆమె లెక్క. ఆ పూట ఇంట్లో ఎవరికో ఒకరికి ఒక ముద్ద తగ్గేది. ఆ తగ్గేది తనకేనని మాకు పెద్దయ్యాక తెలిసింది.

మా వీధి చివర ఒక వితంతువు ఉండేది. అమ్మమ్మ ఆమెకు ఇదుగో బియ్యం, పట్టుకుపో అని ఎన్నడూ ఇవ్వలేదు. ఆమె వచ్చినప్పుడల్లా చేటలో బియ్యం పోసి, “నాకు కళ్లు మసకలేస్తున్నాయి వదినా, రాళ్లు కనబడవు, కాస్త ఏరి పెట్టు” అని కూర్చోబెట్టేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఊరి సంగతులన్నీ ఏరేవాళ్లు. ఆమె లేచేటప్పుడు కొంగులో బియ్యం పోసి ముడి వేసేది, కూలి అని. నిజానికి ఆ రోజుల్లో మా ఇంట్లో సూదిలో దారం ఎక్కించేది అమ్మమ్మే. ఇది అబద్ధం కాదా అని ఒకసారి నిలదీశాను. “అయితే కావచ్చు. దాని లెక్క ఆయనకు నేను చెప్పుకుంటాలే” అంది. నేను చదివిన వేదాంత గ్రంథాల్లో ఆ మాటకు ఖండన దొరకలేదు. వెతకడం మానేసి కూడా చాలా కాలమైంది.

ఇటువంటి పనే ఇంకా పెద్ద కొలతతో మన నేల మీద జరిగింది. 1876లో వానలు తప్పి దక్షిణదేశమంతా కరువు పట్టింది. అప్పటికి పదేళ్లుగా ఒంగోలులో ఉంటున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. కుర్రతనంలో భూమి సర్వే పనిలో ఉన్నవాడు కనుక ఆ పని అతనికి కొత్త కాలేదు. ఆకలితో వచ్చినవాళ్లకు పారా, గంపా ఇచ్చాడు, తవ్విన మట్టికి కూలి ఇచ్చాడు. సంఘ బోధకులే మేస్త్రీలై వాళ్ల మధ్య తిరిగారు, దినమంతా పని చేయించి సాయంత్రాలు వాళ్లతో కూర్చుని మాట్లాడారు. కరువులో మట్టి మోయడం సుఖమైన పని అని నేను అనను. అయినా కూలి డబ్బు చేతిలో పడ్డవాడు ఎవరి ముందూ చేయి చాచనవసరం లేదు.

ఆ చరిత్ర చెప్పేవాళ్లందరూ ఒక అంకె దగ్గర ఆగుతారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని. నన్ను ఆపేది దానికి ముందు గడిచిన కాలం. కరువు నడుస్తుండగా బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా వచ్చి అడిగితే, క్లౌ ఏడాదికి పైగా ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న నింద వాళ్ల మీద పడకూడదు, అన్నం ఆశతో వచ్చేవాడు ఆ ఆశతోనే దేవుణ్ణి కొలవకూడదు. అన్నానికి బదులుగా విశ్వాసం అడగలేదు, అన్నం మాత్రం ఆపలేదు. ఈ రెండూ కలిపి చేయడం ఎంత కష్టమో, పేదవాడికి సాయం చేసి వచ్చే ఆదివారం అతను మన గుడికి రాలేదని అలిగిన ప్రతివాడికీ తెలుసు.

సంతోషం అంటే పళ్లు కనబడేలా నవ్వుతూ తిరగడమని అనుకునేరు. చావు జరిగిన ఇంటికి వెళ్లి, దేవుని చిత్తం, ఏడవకూడదు, ఆనందించాలి అని చెప్పే పెద్దలు మనలో ఉన్నారు. ఆ పెద్దలకు నా విన్నపం: దయచేసి నోరు కట్టుకోండి. లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీళ్లు పెట్టుకున్నాడు, కొద్ది నిమిషాల్లో అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా. ఏడ్చేవాళ్లతో ఏడవమని చెప్పిన అధ్యాయమూ, కరుణను సంతోషంతో చూపమన్న అధ్యాయమూ ఒకటే. ఆ ఇంట్లో సంతోషం వేసుకోవలసిన రూపం వేరు. చాప మీద మాట లేకుండా కూర్చోవాలి, పిల్లలను తీసుకెళ్లి అన్నం పెట్టాలి, పదకొండో రోజున అందరూ వెళ్లిపోయాక మళ్లీ వెళ్లాలి.

పదిహేడో శతాబ్దంలో పారిస్ నగరంలోని ఒక కార్మెలైట్ మఠంలో లారెన్స్ అనే సహోదరుడు ఉండేవాడు. అసలు పేరు నికొలా హెర్మన్. యుద్ధంలో గాయపడి కుంటివాడయ్యాడు. మఠంలో అతనికి దొరికింది వంటింటి పని. దాన్ని ప్రేమించి చేశాడనుకుంటారేమో, వంటపని అతనికి స్వభావరీత్యా గిట్టేది కాదు. అయినా గిన్నెల చప్పుడు మధ్య, నలుగురు నాలుగు వైపుల నుంచి కేకలు వేస్తుండగా, ప్రార్థనలో మోకాళ్ల మీద ఉన్నంత నిమ్మళంగా దేవుని ఎదుట ఉండడం అలవాటు చేసుకున్నాడు. అలా సుమారు పదిహేనేళ్లు వండాడు, తరువాత మఠంలోని సన్యాసుల చెప్పులు కుట్టాడు. 1691లో చనిపోయాక అతని ఉత్తరాలూ సంభాషణలూ పోగుచేస్తే ఒక చిన్న పుస్తకమైంది. పెద్ద పెద్ద పండితులు ఆ వంటవాడి దగ్గర పాఠం నేర్చుకున్నారు. గిట్టని పనిని కూడా మనసు పాడు చేసుకోకుండా చేయవచ్చని అతని జీవితమే సాక్ష్యం చెప్పింది. అన్నలారా, మనకు గిట్టని వంటింటి పనిని ఆడవాళ్ల నెత్తిన వేసి వరండాలో కూర్చుని భక్తి గురించి మాట్లాడుకునే మనం అతని పేరు ఎత్తేముందు ఒక గిన్నె కడగాలి.

ఇక్కడ ఒక్క హెచ్చరిక. సంతోషంగా సేవ చెయ్యి అని ఎవరికి చెబుతున్నామో చూసుకుని చెప్పాలి. మంచంలో ఉన్న అత్తగారికి రాత్రి మూడుసార్లు లేచి పక్క మార్చే కోడలికి, బుద్ధి ఎదగని బిడ్డను ముప్పై ఏళ్లుగా చంకనేసుకున్న తల్లికి ఆ మాట చెప్పడం పాపమే. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని, ఇక చాలు, ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవదూత వాక్యం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు తెచ్చి తినమన్నాడు. ప్రవక్త తిని మళ్లీ పడుకున్నాడు. దూత గద్దించలేదు, మళ్లీ వచ్చి మళ్లీ తినమన్నాడు. అలసిన మనిషికి దేవుడు పంపిన మొదటి ప్రసంగం నిద్ర. మన స్త్రీల సమాజం వారంవారం పెట్టుకునే కూటాల్లో ఒకదాన్ని ఆపి, ఆ కోడలి ఇంటికి ఇద్దరిద్దరు వెళ్లి, “నువ్వు పడుకో అమ్మా, ఈ పూట మేము చూసుకుంటాం” అంటే, ఆ రోజు కూటం జరగలేదని ఏ లెక్కల పుస్తకమూ అనలేదు.

ఇక ఫిలిప్పీ గురించి చెప్పి ముగిస్తాను. ఆ ఊళ్లో పౌలునూ సీలనూ బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండ వేసి లోపలి చెరసాలలో తోశారు. అర్ధరాత్రి వాళ్లు పాడారు. భూమి కంపించింది, తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని కత్తి దూసి తన మీదే పెట్టుకోబోయిన చెరసాల నాయకుణ్ణి పౌలే కేకవేసి ఆపాడు. నమ్మిన తరువాత ఆ నాయకుడు ఏం చేశాడు? ఆ రాత్రివేళే వాళ్ల గాయాలు కడిగాడు. ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టాడు. ఇంటిల్లిపాదితో కలిసి సంతోషించాడు. అంతకుముందు ఆ కాళ్లకు బొండ వేసిన చేతులే ఆ గాయాలు కడిగాయి.

ఏళ్లు గడిచాక పౌలు మరో చెరసాలలో ఉండి ఆ ఊరి సంఘానికి నాలుగు అధ్యాయాల ఉత్తరం రాశాడు. ఆనందం అనే మాట అందులో పొంగుతూనే ఉంటుంది. సంకెళ్లలో ఉన్నవాడు బయట ఉన్నవాళ్లను ఆనందించమంటున్నాడు. ఆ మాటను మనం గోడ మీద క్యాలెండరులో వేసుకుంటాం. దానికి రెండు వచనాల ముందున్నదాన్ని మాత్రం ఎవరూ క్యాలెండరులో వెయ్యరు. యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీల పేర్లు అక్కడ ఉన్నాయి. సువార్త పనిలో పౌలుతో కలిసి పాటుపడ్డవాళ్లు. ఇద్దరికీ పడటం లేదు. ఏకమనసుతో ఉండమని ఇద్దరినీ విడివిడిగా బతిమాలాడు, వాళ్లకు సాయం చెయ్యమని మరొకరిని అడిగాడు. ఆ తరువాతే క్యాలెండరులోని ఆ మాట వస్తుంది. ఆ వెంటనే మీ సాత్వికం అందరికీ తెలియనివ్వండి అన్నాడు.

మన సంఘంలో ప్రభు బల్ల దగ్గర చాపకు ఆ కొసన ఒక తోడికోడలు, ఈ కొసన ఇంకో తోడికోడలు కూర్చునే ఇళ్లు ఎన్ని ఉన్నాయో నాకూ తెలుసు, మీకూ తెలుసు. పొలం గట్టు మీద మాట పోయిన అన్నదమ్ములు ఒకే పాట పుస్తకంలో ఒకే పాట పాడుతున్నారు. ఈ రాత్రి వాళ్ల ఇళ్లకు ఎవరు వెళ్తారు? మధ్యలో ఉండి సాయం చెయ్యమని పౌలు అడిగినవాడి పేరు ఉత్తరంలో స్పష్టంగా లేదు. అది మనలో ఎవరి పేరైనా కావచ్చు.

ఆ రోజుల్లో ఉత్తరాన్ని సంఘమంతా కూడినప్పుడు పైకి చదివేవాళ్లు. ఆ గదిలో ఆ ఇద్దరూ కూర్చునే ఉంటారు. చెరసాల నాయకుడు బతికి ఉంటే అతనూ ఒక మూల ఉండి ఉంటాడు. చదివే మనిషి ఆ పేర్లు వచ్చేసరికి ఒకసారి తలెత్తి, ఇటు యువొదియనూ అటు సుంటుకేనూ చూసి, గొంతు సవరించుకుని మళ్లీ చదవడం మొదలుపెట్టి ఉంటాడు.