కట్టిన కాళ్లు

ఆదిలాబాద్ నల్లరేగడి నేలలో ఒక ఆసామి ఉండేవాడు. పెద్ద చెయ్యి, మంచి మనసు. తమ్ముడు చేనులో బోరు వేయించుకుంటానంటే అడిగినన్ని పైసలు ఒక్కసారే చేతిలో పెట్టి, మళ్లీ ఆ చేను వైపు చూడలేదు. బోరులో నీళ్లు పడ్డాయి గానీ, మోటరుకు పైసలు లేక తమ్ముడి పత్తి ఎండిపోయింది. కొడుకు సంగతి వేరు. ముప్పై ఏళ్లు దాటినా, యూరియా బస్తా కొనాలన్నా తండ్రి జేబు వైపే చూడాల్సి వచ్చేది. ఇద్దరికీ మేలే చేశానని ఆసామి నమ్మకం.

ఒక ఏడు పత్తి లోడుతో మార్కెట్‌కు పోతుండగా ట్రాలీ బోల్తా పడి అతని కుడికాలు నలిగింది. మోకాలి కింద చర్మం, కండ ఊడిపోయి ఎముక బయటపడింది. జిల్లా దవాఖానలో గాయం కడిగి, విరిగిన ఎముకకు బయటి నుంచి రాడ్లు బిగించి, నిర్మల్ మీదుగా పట్నం పంపారు.

తొడ మీది పల్చటి చర్మం తీసి అతికిస్తే చాలని ఆసామి అనుకున్నాడు. బోడి ఎముక మీద దానికి నెత్తురు అందదని, ఎండి రాలిపోతుందని డాక్టర్లు తేల్చారు. వీపు కండను కాలికి మార్చి, మైక్రోస్కోపు కింద రక్తనాళాలు కలిపే పద్ధతి 1970ల నుంచీ ఉంది. అయితే ఆ కాలిలో కలపడానికి అనువైన ధమని దొరకలేదు. అందుకని 1854లో అమెరికా సర్జన్ హామిల్టన్ వివరించిన పాత దారి పట్టారు.

ఎడమ పిక్క మీది చర్మాన్ని దాని అడుగు పొరతో సహా లేపి, ఒక అంచు ఎడమ కాలికే ఉంచి, మిగతాది కుడికాలి గాయం మీద కుట్టారు. పిక్క మీద ఖాళీ అయిన చోట తొడ చర్మం వేశారు. కింద కండ ఉంది కనుక అది అక్కడ పట్టింది. రెండు కాళ్లూ కదలకుండా కలిపి కట్టారు. పొగ రక్తనాళాలను కుదిస్తుందని బీడీలు మాన్పించారు.

దాదాపు మూడు వారాలు కుడికాలి మీది చర్మం ఎడమకాలి నెత్తురుతో బతికింది. ఈలోగా గాయం అంచుల నుంచి సన్నటి నాళాలు అందులోకి పాకాయి. చివర్లో ఎడమ కాలికి ఉంచిన ఆ అంచును కాసేపు బిగించి చూస్తే చర్మం రంగు మారలేదు. కోత పడితే ఎండిపోతుందేమోనని ఆసామి భయపడి, ఇంకొన్నాళ్లు అలాగే ఉంచమని బతిమాలాడు. డాక్టర్లు వినలేదు. కట్టి ఉంచితే కీళ్లు బిగుసుకుపోతాయని చెప్పి, అంచు కోసి కాళ్లు విడదీశారు. చర్మం నిలిచింది.

నెలలు గడిచాక అతను కర్ర పట్టుకుని ఊరికొచ్చాడు. ఆ వానకాలమంతా తమ్ముడి చేను గట్టున ఉండి, మోటరు పెట్టించి, విత్తనం నుంచి మార్కెట్‌లో తూకం దాకా తోడు నిలిచాడు. మరుసటి ఏడు పోలేదు. కొడుకు పేర చేను పట్టా చేయించి, ఆ తర్వాత లెక్క అడగలేదు.

నీతి: చేసిన సాయం అవతలివాడిలో వేరు పట్టేదాకా ఇచ్చినవాడు అంటిపెట్టుకుని ఉండాలి, వేరు పట్టాక తానే తప్పుకోవాలి. ముందే వదిలితే ఇచ్చింది ఎండిపోతుంది, ఎప్పటికీ వదలకపోతే ఇద్దరికీ నడక రాదు.