ఇల్లు ముందా, శీలము ముందా?

యుద్ధమునుండి మరలివచ్చిన భటునికి నిలువ నీడ లేకపోవుట ఏ దేశమునకైనను సిగ్గుచేటనుటలో భేదాభిప్రాయము లేదు. భేదమంతయు ఆ నీడను ఏ షరతుపై ఈయవలెననుచోట పుట్టుచున్నది. త్రాగుడు మానిన పిమ్మట ఇల్లా? ఇల్లు దొరకిన పిమ్మట త్రాగుడు మానుటయా? అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్న పండితుల తర్కము గాక ఖజానాకు సంబంధించినదై యున్నది.

ఆ దేశచరిత్రలో రెండు విరుద్ధ దృశ్యములు కలవు. మొదటి ప్రపంచయుద్ధ భటులు 1932లో తమకు వాగ్దానము చేసిన ధనమును ముందుగా నిమ్మని వాషింగ్టన్ నగరమున గుడిసెలు వేసికొని కూర్చుండగా, ప్రభుత్వము సైన్యముచేతనే వారిని వెళ్లగొట్టించెను. గుడిసెలు తగులబడెను. పండ్రెండేండ్లకు, 1944లో, భటులు ఇండ్లు కొనుటకు తీసికొను అప్పునకు తానే పూచీపడునట్లు అదే ప్రభుత్వము చట్టము చేసెను. లక్షలాది కుటుంబములు సొంత ఇంటివైనవి. అయితే పూచీ ప్రభుత్వముదే గాని అప్పు బ్యాంకులది. నల్లజాతి భటులకు పెక్కు బ్యాంకులు అప్పు నిరాకరించెను. తుపాకిగుండు చూడని రంగును బ్యాంకు గుమాస్తా చూచెనన్నమాట.

వీధులపాలైన వారి విషయమై చిరకాలము నడచిన పద్ధతి సోపానక్రమము. మొదట ఆశ్రయశాల, పిదప చికిత్స, పిదప తాత్కాలిక వసతి. అన్నిటను ఉత్తీర్ణుడైనచో తుదకు ఇల్లు. ఒక మెట్టున జారినవాడు మరల వీధికే. 1992లో న్యూయార్కున సాం సెంబెరిస్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు, మతి చెదరి వీధులనున్న వారి విషయమున ఈ క్రమమును తలక్రిందులు చేసెను. ముందు ఇల్లిచ్చి, చికిత్సను వారి ఇష్టమునకు విడిచెను. అట్లిచ్చిన ఇంటిని నిలుపుకొన్నవారు పాత పద్ధతివారికంటె అధికులని పరిశీలనలలో తేలినది. త్రాగుడు మాత్రము దానంతట తగ్గునని ఆ పరిశీలనలు చెప్పలేదు. పథకమును పొగడువారు ఈ రెండవ మాటను తరచు మరచుచుందురు.

2008 నుండి విస్తరించిన మాజీ సైనికుల అద్దె పథకము ఈ మార్గముననే నడచుచు వచ్చినది. భటుడు తన ఆదాయమున నూటికి సుమారు ముప్పదిపాళ్లు అద్దెగా కట్టును. మిగిలినది ప్రభుత్వపు చీటి మూలమున ఇంటి యజమానికి చేరును. మాజీ సైనికుల శాఖ ఉద్యోగి వచ్చి యోగక్షేమములు విచారించుచుండును. 2010లో ఒక రాత్రి లెక్కింపగా ఇల్లులేని మాజీ సైనికులు 74 వేలకు పైగా నుండిరి. 2024లో ఆ సంఖ్య 32,882.

ఇచట ఒక ఆక్షేపణ కలదు. పగలంతయు కష్టించి, చుక్క ముట్టక, అద్దె కట్టుటకు అల్లాడు కూలివానికి లేని సాయము ఇతనికేల? దీనిని అసూయ యని త్రోసివేయుట తగదు. ఋణము తీర్చువాడు ఋణదాత నడవడిని విచారింపడు గదా అని కొందరు బదులు చెప్పుదురు. కాని ఋణము జీతముతో తీరెనని ఆ కూలివాడు అనవచ్చును. పైగా వీధులనున్న మాజీ సైనికులందరును రణరంగము చూచినవారు కారు. ఇంతకంటె గట్టి సమాధానము వేరొకటి. తలుపునకు గడియ లేనిచోట నిద్రించువానిని నిగ్రహము చూపుమనుట, నీళ్లు లేని చెరువులో ఈత నేర్వుమనుటవంటిది. ఈ సమాధానము భటునికే పరిమితము కాదు, కూలివానికిని వర్తించును. అట్లు వర్తించుటచేత అది బలహీనపడదు, కూలివాని పద్దు ఇంకను తెరచియున్నదని చూపును.

శీలమును ముందుంచుటలోని చిక్కు మరియొకచోట స్పష్టమగును. దుష్ప్రవర్తనచే సైన్యమునుండి తొలగింపబడినవారిలో పెక్కురకు ఈ సాయము చిరకాలము అందలేదు. ఆ ప్రవర్తనయే కొందరియందు యుద్ధము పెట్టిన వ్యాధికి లక్షణమై యుండెను. గాయమును నేరముగా వ్రాసి, ఆ వ్రాతనే చూపి మందు నిరాకరించినట్లాయెను. 2021 నాటి చట్టముతో ఈ కట్టు కొంత సడలినది.

ఇల్లు దొరకుట యొక యెత్తు, నిలుపుకొనుట మరియొక యెత్తు. ఒక నెల బాకీపడినవానిని ఆ నెలలోనే ఆదుకొనినచో కొద్ది సొమ్ముతో పోవును. వీధికి వచ్చిన పిమ్మట మరల నిలబెట్టుటకు ఎన్నోరెట్లగును. యజమానితో మాటాడి సర్దుబాటు చేయువాడు లేక పోయిన కాపురములు తక్కువేమి కావు.

చీటి చేతనున్నంత మాత్రమున యజమాని తలుపు తీయవలెనని నియమము లేదు. ప్రభుత్వపు చీటితో వచ్చువానిని కాదనరాదని కొన్ని రాష్ట్రములును నగరములును శాసించినవి. దేశమంతటికిని అట్టి శాసనము లేదు. చీటికి గడువు కలదు. గడువులోపల ఇల్లు దొరకనిచో భటుడు దానిని తిరిగి ఇచ్చివేయవలసినదే.