పొలమునకు పారిపోయిన లేవీయులు

ధ్యాన భాగము: నెహెమ్యా 13:10-14



నెహెమ్యా రాజునొద్దనుండి యెరూషలేమునకు తిరిగి వచ్చి చూడగా, మందిరములో సేవచేయవలసిన లేవీయులును పాటగాండ్రును లేరు. ఎవరి పొలమునకు వారు పారిపోయిరి. వారి భక్తి చల్లారినందున కాదు, వారికి రావలసిన పాళ్లు రానందున. నెహెమ్యా వారిని గద్దింపలేదు, అధికారులను నిలదీసెను.

ఈ భాగము చదివినప్పుడెల్ల బోధను ప్రాంతములోని ఒక ఊరు నాకు జ్ఞాపకము వచ్చును. పేరు చెప్పను. అక్కడి ఉపదేశికి రెండేండ్లు ఎవరును గింజ పెట్టలేదు. మూడవ ఏట ఆయన చెరకు కొట్టుటకు కూలికి పోయెను. ఆదివారము బైబిలు పట్టుకొన్న చేతులనిండ చెరకాకు కోతలే. "పౌలు డేరాలు కుట్టలేదా?" అని పెద్దలనిరి. ఒక సాయంకాలము జబ్బుగానున్న ఒక తల్లి ప్రార్థనకు కబురంపెను. ఆయన దూరపు తోటలో నుండెను. వచ్చుసరికి ఆమె కన్నుమూసెను.

ఆ పెద్దలను మాత్రమే నేను తప్పుపట్టలేను. ఆ సంఘము నా పాస్టరేటులోనిదే. అడిగినయెడల నా జీతము కొరకే అడుగుచున్నానని అనుకొందురేమో యని సిగ్గుపడి ఊరకుంటిని.

పౌలు డేరాలు కుట్టినది నిజమే. అయితే 1 కొరింథీయులకు 9వ అధ్యాయము మొదటినుండి చదువుడి. సిపాయి, ద్రాక్షతోట వేసినవాడు, మంద కాయువాడు, నూర్చెడి ఎద్దు, వీరందరిని సాక్ష్యమునకు పిలిచి సేవకునికి హక్కు కలదని స్థిరపరచిన తరువాతనే, తన హక్కును తానే వదలుకొనెను. తాను వదలుకొనుట వేరు, ఇతరులు లాగుకొనుట వేరు. ఫిలిప్పీయులు పంపినదానిని ఆయన సంతోషముతో పుచ్చుకొనెను గదా! కోతమిషను మాత్రమే ఎరిగిన పడుచువారికి చిక్కమనగా ఏమో తెలియదు గాని, కల్లములో బంతి తిరుగు ఎద్దు మూతికి చిక్కము కట్టువానిని మన తాతలు మంచి రైతు అనియుండరు.

మనకీ అలవాటు ఎట్లు వచ్చినది? వెస్లియను మిషనరీల కాలములో సొమ్ము సముద్రము దాటి వచ్చెడిది. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినను, "మిషను ఇచ్చును" అను తలంపు మనలో చావలేదు. అయితే 1903లోనే తిరునెల్వేలి క్రైస్తవులు తమ మనుష్యులతో, తమ సొమ్ముతో ఒక మిషనరీ సంఘము నారంభించి, దోర్నకలుకు సేవకులను పంపిరి. ఆ సంఘమును స్థాపించినవారిలో ఒకరైన అజరయ్యగారు 1912లో దోర్నకలు బిషపు అయి, బీద పల్లె సంఘములకు ఇచ్చుట నేర్పి, దానిని గూర్చి ఒక పుస్తకమే వ్రాసిరి. మన డిచ్‌పల్లి కుష్ఠరోగుల ఆసుపత్రియైనను, క్రైస్తవుడు కాని రాజా నర్సాగౌడుగారి దానమువలన లేచినది. ఇది మనము కొంచెము సిగ్గుతో తలంచుకొనవలసిన సంగతి.

"అయ్యగారూ, షక్కర్‌నగరు ఫ్యాక్టరీ 2015లో మూతబడెను, మా చేతిలో ఏమున్నది?" అందురు. నిజమే. అప్పుచేసి ఇమ్మని నేను చెప్పను. కలిగినదానినిబట్టియే యని 2 కొరింథీయులకు 8:12లో ఉన్నది. మిజోరాములోని ప్రెస్బిటేరియను స్త్రీలు 1910 నుండి వంట వండినప్పుడెల్ల దేవుని పనికి ఒక పిడికెడు బియ్యము వేరుగా తీసిపెట్టుచున్నారు. అప్పుడు వారును ధనికులు కారు.

ఇంకొక మాట, ఇది నా తోటి సేవకులకు. నెహెమ్యా కొట్లమీద నమ్మకమైనవారిని నియమించెను. లెక్క చెప్పని చోట ఇచ్చువాని చెయ్యి ముడుచుకొనుట వింత కాదు.

ఆ తల్లి పోయిన తరువాతి ఆదివారమున నేనా ఊరికి పోయి, సిగ్గు విడిచి, ఈ భాగమే చదివితిని. ముగ్గురిని ఏర్పరచుకొనిరి, వారిలో ఒకరు స్త్రీ. నెలకొకసారి లెక్క మందిరములో చదువవలెనని నిర్ణయించిరి. మొదటి వారము బియ్యము తూచగా 14 కిలోలు వచ్చెను. మొదటి సంచి తెచ్చినది చనిపోయిన ఆ తల్లి కోడలు. ఉపదేశి దానిని వెంటనే అందుకొనలేదు. కొంతసేపు గోడవైపు తిరిగి నిలుచుండెను.